పీటర్ హుక్ తరహా బేస్: సింథ్ కలిస్తే శ్రుతి తప్పినట్టు వినిపిస్తోంది

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజనే గొప్పదనేవాళ్లు, 1980 తర్వాత దాని సభ్యులే నడిపిన న్యూ ఆర్డరే అసలనేవాళ్లు తెగ కొట్టుకుంటారు గానీ, రెండింట్లోనూ వాయించిన హుక్ బేస్ గిటార్ దగ్గర మాత్రం ఒక్కటైపోతారు. ఆ శబ్దం కోసమే పిక్‌తో, 12వ ఫ్రెట్ పైన, డి, జి తీగల మీద వాయిస్తున్నాను. శబ్దానికి శ్రుతిలో కాస్త ఊగే నకలు కలిపే కోరస్ పెడల్‌లో రేట్ (ఊపు వేగం) బాగా తక్కువ, డెప్త్ (ఊపు మోతాదు) సగం. గిటార్, డ్రమ్స్‌తో బాగుంది. నిమిషానికి 130 బీట్ల వేగంలో సింథ్ (సింథసైజర్) బేస్ కలపగానే సాగే స్వరాలు ఊగుతున్నాయి. ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల దగ్గరా శ్రుతి సరిగా ఉందా అన్నది) ట్యూనర్‌తో సరిచూశాను, తేడా లేదు. డెప్త్ పావుకు దించితే ఊపుతోపాటు ఆ మెరుపూ పోయింది. 200 హెర్ట్జ్ కింద కోస్తే బరువే తగ్గింది, ఊపు తగ్గలేదు. పెడల్ తీసేయమనకండి, అప్పుడది హుక్ బేసే కాదు. సిగ్నల్‌ని రెండుగా చీల్చి పై భాగానికే కోరస్ ఇవ్వాలంటే ఎన్ని హెర్ట్జ్ దగ్గర విడగొట్టాలి?