కెనాన్ 1500డి కెమెరాకి 55–250 లెన్సు చాలా, 150–600 కొనాలా? నేలపట్టు, పులికాట్ పక్షుల ఫొటోల కోసం

ప్రశ్న (ఒంగోలు):
అన్నా, కెనాన్ 1500డి కెమెరా, దాంతో వచ్చిన 18–55 మి.మీ. లెన్సు ఉన్నాయి. డిసెంబరులో పక్షుల కోసం నేలపట్టు, పులికాట్ వెళ్దామనుకుంటున్నాం. మామూలప్పుడు కొత్తపట్నం బీచి, తిరునాళ్లు, ఇంట్లో పిల్లలు, ఇవే ఫొటోలు. ఒకచోట పాత సిగ్మా 150–600 లెన్సు అమ్ముతున్నారు. అది తీసుకోనా, 55–250 సరిపోతుందా? రెండూ కొనలేను.

జవాబు (నెల్లూరు):
55–250 తీసుకోండి. ఎస్‌టీఎం (చప్పుడు లేకుండా ఫోకస్ తిప్పే మోటారు) అని రాసున్నదే చూసుకోండి. లెక్క చెప్తా. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. 60 మీటర్ల దూరంలో 2 మీటర్ల రెక్కల పక్షి ఎగిరితే 250 మి.మీ. దగ్గర సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే చిప్పు) మీద 8 మి.మీ. పైనే పడుతుంది. సెన్సర్ వెడల్పు 22.3. అంటే ఫ్రేములో మూడో వంతు దాటుద్ది, ఇంకేం కావాలి?

పులికాట్ సంగతి వేరు. ఫ్లెమింగో ఎత్తు 1.2 మీటర్లు అనుకుంటే, 100 మీటర్ల దగ్గర 250తో దాని ఎత్తు 800 పిక్సెళ్లు వస్తుంది, పర్లేదు. అదే 300 మీటర్లయితే 270. అక్కడ 600 పెట్టినా 650కి మించదు. పైగా ఆ సిగ్మా 1.9 కిలోల బరువు, 95 మి.మీ. ఫిల్టరు. 55–250 అయితే 375 గ్రాములు, మీ 18–55కి పట్టే 58 ఫిల్టరే దీనికీ పడుతుంది. తిరునాళ్ల గుంపులో ఆ రెండు కిలోలు ఎత్తుకోని తిరగగలరా?

ప్రశ్న (ఒంగోలు):
మరి 55–250కి 2ఎక్స్ కన్వర్టర్ (లెన్సు వెనక బిగిస్తే బొమ్మని రెట్టింపు చేసేది) తగిలిస్తే?

జవాబు (కావలి):
వద్దు. కెనాన్ కన్వర్టర్ ఆ లెన్సుకి అసలు బిగించలేం, వెనక గాజు అడ్డమొస్తుంది. వేరే కంపెనీది దొరికినా ఎఫ్5.6 కాస్తా ఎఫ్11 అవుతుంది, అంటే వెలుతురు నాలుగో వంతే వస్తుంది. 1500డి ఆటోఫోకస్ ఎఫ్5.6 దాటితే నమ్మలేం.

ఇంకో మాట. పులికాట్ ఫొటోలు మసగ్గా వస్తే చాలామంది లెన్సునే తిడతారు. ఎండెక్కేసరికి ఆ ఉప్పునేల కాగి, దాని మీది గాలి అల్లల్లాడుతుంది. ఆ సెగలోంచి తీస్తే లక్షల లెన్సు పెట్టినా పక్షి అంచులు కరిగినట్టే ఉంటాయి. 600 అయితే ఆ అల్లాటని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. అనుమానముంటే అదే సెట్టింగులతో 15 మీటర్లలో ఉన్న బోర్డుని ఒకటి తీయండి. అక్షరాలు కత్తిలా వచ్చాయంటే తప్పు గాలిది. పొద్దు పొడిచిన తర్వాత మొదటి రెండు గంటల్లోనే దూరం పక్షుల ఫొటోలు ముగించేయాలి.

జవాబు (నెల్లూరు):
సెట్టింగులు కూడా రాసుకోండి. ఎగిరే పక్షికి ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్), మధ్య పాయింటు, షట్టర్ 1/2000 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో. కూర్చున్నదానికి 1/500 చాలు. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకునే ఆపుతుంది, రెక్కల్ని కాదు. ఆకాశం మీద గూడబాతు నల్లబడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచి +1 పెట్టండి. ముదురాకుల ముందు కూర్చుంటే తెలుపు మరీ వెలిగి వివరాలు పోతాయి, కాబట్టి –2/3.

పిల్లల ఫొటోలకి అందరూ 50 ఎఫ్1.8 లెన్సు చెప్తారు. మీ కెమెరా మీద అది 80 లాగా పనిచేస్తుంది, పదడుగుల గదిలో వీపు గోడకి ఆనినా ఇరుకవుతుంది. తర్వాత డబ్బులు కుదిరినప్పుడు 24 ఎఫ్2.8 ఎస్‌టీఎం చూడండి. అందాకా 18–55ని 18 దగ్గర పెట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయండి.

ప్రశ్న (ఒంగోలు):
సరే, 55–250 పాతదే దొరికితే ఏమేం చూడాలి?

జవాబు (కావలి):
రెండు పక్కలా మూతలు తీసి, వెనక నుంచి సెల్లు టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. సముద్రం పక్క ఊళ్లలో వాడినవాటికి ఇది మామూలే. కాస్త దుమ్ముంటే నష్టం లేదు. తర్వాత మీ కెమెరాకే పెట్టి, 250 దగ్గర ఇటుక గోడని ఎదురుగా తీసి పెద్దది చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకైతే లోపలి గాజు పక్కకి జరిగినట్టు. స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేసి, ఫోకస్ ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగైదుసార్లు తిప్పించండి, ఎక్కడా ఆగకూడదు.

కొత్తపట్నంలో ఇసుక మీద లెన్సు మార్చొద్దు. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో గాజు రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది. ముందు బ్లోయరుతో ఊది, తర్వాత లెన్సు ద్రవం అద్దిన గుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. జెల్ రంగు మారినప్పుడు మార్చేయాలి.