కొరియాలో తద్దినం పెట్టేవాళ్లు "మాకు మతం లేదు" అంటారేంటి?

సువాన్‌కుర్రాడు:
రెండేళ్లుగా సువాన్‌లో పనిచేస్తున్నా. మొన్న మా టీమ్‌లో ఒకతను వాళ్ల తాతగారి తద్దినానికి (జెసా అంటారు) ఇంటికి పిలిచాడు. గిన్నెడు అన్నంలో చెంచా నిలువుగా గుచ్చి, అందరూ బయటికొచ్చి తలుపేశారు, తాతగారు తినాలి కదా! కాసేపటికి వాళ్ల నాన్నగారు గట్టిగా దగ్గి, ఆ తర్వాతే తలుపు తీశారు. నాకు ఒళ్లు జలదరించింది. ఇంతా చేసి, మీదే మతం అని అడిగితే ఏదీ లేదన్నాడు. వాళ్లమ్మేమో బౌద్ధుల గుడికి వెళ్తుందట. అసలు వీళ్లు బౌద్ధులా, కన్ఫ్యూషియన్లా? తావో మతం కూడా ఉందంటారు, అదెక్కడ?

పాతపుస్తకం:
అబద్ధం చెప్పలేదు లెండి. 2015 జనాభా లెక్కల్లో అక్కడ సగానికి పైగా జనం మతం లేదనే చెప్పారు. కన్ఫ్యూషియస్ చెప్పింది వాళ్లకి మతం కాదు, ఇంటి పద్ధతి. 1392లో మొదలైన జొసోన్ రాజులు దాన్ని నెత్తిన పెట్టుకుని బౌద్ధాన్ని కొండల్లోకి తరిమారు. భిక్షువులు రాజధానిలో అడుగు పెట్టకూడదన్న నిషేధం 1895లో గానీ పోలేదు, పాత గుళ్లు చాలావరకు కొండల మీద ఉండటం అందుకే. ఇంటిపేరూ, వంశం పుట్టిన ఊరూ ఒకటైతే పెళ్లి కుదరదని ఏకంగా చట్టమే ఉండేది, 1997లో రాజ్యాంగ కోర్టు తప్పుపట్టింది. మన సగోత్రం గొడవే అనుకోండి.

కొండమెట్లు:
తావో కావాలంటే గుడి వెనక్కి వెళ్లి చూడు తమ్ముడూ. బుద్ధుడి మందిరం వెనకాల చాలా చోట్ల చిన్న గది ఉంటుంది, చిల్‌సోంగ్‌గాక్. సప్తర్షి మండలంలోని ఏడు చుక్కలకి కట్టింది, చైనా తావో నమ్మకాల నుంచి వచ్చింది, పిల్లల ఆయుష్షు కోసం మొక్కుకుంటారు. నవంబర్‌లో కాలేజీ ఎంట్రన్స్ ముందు దేగు దగ్గర గాట్‌బావి బుద్ధుడి దగ్గరికి వెళ్తే తల్లుల టెన్షన్ కళ్లారా చూడొచ్చు. పరీక్ష పాసైతేనే మనిషి అన్న పిచ్చి కన్ఫ్యూషియన్ రాజ్యం నాటిది, మొక్కు మాత్రం బుద్ధుడికి. ఎవరికీ ఇందులో తేడా కనిపించదు.

బుసాన్‌కోడలు:
మీకు ముచ్చటగానే ఉంటుంది, వండేది మేం కదా! పిండి కలిపి, చేపలూ కూరగాయలూ వేయించి నడుం పడిపోయేది కోడళ్లకి, దండాలు ముందు పెట్టేది మగవాళ్లు. 2022లో సుంగ్‌క్యున్‌గ్వాన్ కన్ఫ్యూషియన్ పెద్దలే పండగ పూజకి నూనె వంటలు అక్కర్లేదన్నారు. మా అత్తగారు ఆ వార్త మొత్తం చదివి, ఫోన్ పక్కన పెట్టి, మూకుడు తెమ్మన్నారు.

సువాన్‌కుర్రాడు:
హహ, అక్కా! ఇప్పుడు అర్థమైంది, క్యాంటీన్‌లో నేను అన్నంలో చెంచా గుచ్చి నీళ్లకి వెళ్లొస్తే, ఎదురుగా కూర్చున్నాయన దాన్ని తీసి పక్కన పెట్టేశాడు.