ఎర్ర వైన్ ఆమ్లత్వం: ఫినాఫ్తలీన్ చాలదా, పీహెచ్ మీటరే కావాలా?

ద్రాక్షసారం:
నేను పదేళ్లుగా 5 మిల్లీలీటర్ల వైన్‌ను 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కలిపి, ఆమ్లం తీరిపోగానే గులాబీ రంగు చూపే సూచిక ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో టైట్రేషన్ చేస్తున్నాను, అంటే ఎంత క్షారం పట్టిందో చూసి ఆమ్లాన్ని లెక్కగడుతున్నాను. పీహెచ్ మీటర్ లేని కొలతకు విలువే లేదని ఇక్కడ కొందరు పదేపదే రాయడం నాకు సమ్మతం కాదు.

కొలతబద్ద:
తెల్ల వైన్‌కైతే మీ మాట ఒప్పుకుంటాను. ఎర్ర వైన్‌లో క్షారం చేరేకొద్దీ ద్రాక్ష తొక్కనుంచి వచ్చిన రంగే ఊదాగానూ, ఆపై బూడిద కలిసిన ఆకుపచ్చగానూ మారిపోతుంది. ఆ మురికి రంగులో లేత గులాబీ ఎప్పుడు తొంగిచూసిందో కంటితో పసిగట్టాలి. మీ నమూనా పరిమాణానికి బ్యూరెట్‌లో (క్షారాన్ని కొలిచి వదిలే గొట్టంలో) ఒక మిల్లీలీటరు అంటే లీటరుకు 1.5 గ్రాముల టార్టారిక్ ఆమ్లం. నాలుగు చుక్కలు అటూ ఇటూ అయితే 0.3 గ్రాముల తేడా వస్తుంది.

నురగ:
కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా తొలగించారా? కొత్త వైన్‌లో అదీ క్షారాన్ని ఖర్చు చేయిస్తుంది.

ద్రాక్షసారం:
నేను గులాబీ కోసం ఎదురుచూడను, ఆకుపచ్చ విరిగే క్షణాన్ని చూస్తాను. మీటర్ ఉన్నవారిలో ఎంతమంది దాన్ని పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) మాత్రమే సరిచూసి, టైట్రేషన్ ఆపే పీహెచ్ 8.2 దగ్గర అది చెప్పిన మాటను నమ్మడం లేదు?

కొలతబద్ద:
అది మీటర్ తప్పు కాదు, 10 బఫర్‌తో కూడా సరిచూడనివారి తప్పు. పైగా 8.2 అందరి అంతిమ బిందువూ కాదు. అమెరికాలో 8.2 వద్ద ఆపుతారు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ పద్ధతిలో 7.0 వద్దే ఆపాలి. ఫినాఫ్తలీన్ 7.0 వద్ద రంగే చూపదు, అక్కడికి బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక కావాలి. ఇవేవీ తెలుసుకోకుండా పదేళ్ల అనుభవం అంటే ఏం లాభం?

ద్రాక్షసారం:
అనుభవాన్ని తీసిపారేయకండి. రెండేళ్ల కిందట నా వైన్‌ను ఒక ప్రయోగశాలకు పంపాను. నాకు లీటరుకు 6.3 గ్రాములు వచ్చింది, వారు మీటర్‌తో కొలిచి 4.0 అన్నారు. మీటర్ మాట నమ్మి లీటరుకు 2 గ్రాముల టార్టారిక్ ఆమ్లం కలిపాను. ఒక్క గుక్కకే పళ్లు పులిశాయి. ఆ పీపా మొత్తం పారబోశాను.

చుక్కలెక్క:
ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే. టార్టారిక్ ఆమ్లం తుల్యభారం (ఒకే కొలత క్షారానికి సరిపోయే ఆమ్లం బరువు) 75, సల్ఫ్యూరిక్ ఆమ్లానిది 49. ఫ్రాన్స్ అలవాటు ప్రకారం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా లెక్కిస్తే మీ 6.3 కాస్తా 4.1 అవుతుంది. 7.0 వద్ద ఆపి ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. ఆ నివేదికలో ఏ ఆమ్లంగా అని ఉందో దయచేసి చూడండి.

ద్రాక్షసారం:
చూశాను. పట్టిక అడుగున చిన్న అక్షరాలతో ‘సల్ఫ్యూరిక్ ఆమ్లంగా’ అని ఉంది. అంకె పక్కనే రాసి ఉంటే నా పీపా నిలిచేది. ఏమైనా, నా కొలత తప్పు కాదని తేలింది. ఇతరుల అంకెలతో నాకు పనిలేదు. నిరుటి వైన్‌తో ఈ ఏటి వైన్‌ను పోల్చుకోవడమే నాకు కావలసింది, దానికి ఒకే కన్ను, ఒకే చేయి చాలు.

కొలతబద్ద:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నా అంకె మరొకరి అంకెతో సరిపోలాలన్నది నా పట్టుదల, మీకు ఆ అవసరమే లేదు. అయితే మీ పోలికకూ కన్ను, చేయి మాత్రమే చాలవు. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం కోల్పోతుంది; బలం తగ్గిన క్షారం ఎక్కువ ఖర్చవుతుంది, లేని ఆమ్లత్వం ఉన్నట్లు కనిపిస్తుంది. క్షారం బలాన్ని తేల్చే ప్రామాణిక ఆమ్లం పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో మీ ద్రావణాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు?

ద్రాక్షసారం:
సీసా తెరిచి తొమ్మిది నెలలైంది. సరిచూడలేదు. రేపు సరిచూసి, ఈ ఏటి నమూనాను కొత్త ద్రావణంతో మళ్లీ కొలుస్తాను. సూచిక మాత్రం ఫినాఫ్తలీనే.

నురగ:
వైన్ పోసే ముందు ఆ స్వేదనజలాన్ని మరిగించండి, వైన్‌లోని వాయువునూ తొలగించండి. లేకపోతే కొత్త ద్రావణంతోనూ అంకె ఎక్కువే వస్తుంది.