నేను నేనులా అనిపించట్లేదు, ఇది డిసోసియేషనా (మనసు మన నుంచి విడిపోయినట్టు ఉండటం) లేక డీఐడీనా (డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, ఒకే మనిషిలో వేరువేరు వ్యక్తులు ఉన్నట్టుండే జబ్బు)? తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి

బైపీసీ_అమ్మాయి:

అందరికీ నమస్తే. నేను సీనియర్ ఇంటర్ బైపీసీ, హాస్టల్లో ఉంటా. ఔటింగ్ ఇచ్చినప్పుడే ఫోన్ చేతికొస్తది కాబట్టి మనసులో ఉన్నదంతా ఒకేసారి రాసేస్తున్నా, పెద్దగా ఉంటే ఏమనుకోకండి.

ఫస్టియర్లో దసరా సెలవులైపోయి తిరిగొచ్చాక మొదలైంది. స్టడీ అవర్లో కూర్చుని రాస్తా ఉంటే ఉన్నట్టుండి నా చెయ్యి నాది కాదనిపిస్తది. పెన్ను కదులుతా ఉంటది, అక్షరాలు పడతా ఉంటాయి, కానీ రాసేది ఎవరో, నేను పక్కన కూర్చుని చూస్తున్నానంతే. పొద్దున జడేసుకునేటప్పుడు అద్దంలో చూస్తే అది నా మొహమే అని తెలుసు, కానీ నాది అన్న ఫీలింగ్ రాదు. అమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటే తిన్నా అంటాను, అమ్మంటే ఇష్టం ఉందని తెలుసు గానీ లోపల ఏమీ కదలదు. అన్నిటికన్నా నాకు దానికే భయమేస్తంది.

ఇది ఒకెత్తు. ఆమధ్య మా రూమ్మేట్ "రాత్రి అంతసేపు ఏడ్చావు కదా, ఇప్పుడెలా ఉంది" అనడిగింది. నేను ఏడ్చినట్టే నాకు గుర్తులేదు. బోటనీ నోట్సులో రెండు పేజీలు నా దస్తూరీ లాగా లేవు, పెద్ద పెద్ద అక్షరాలు, ఎడమవైపుకి వాలిపోయి ఉన్నాయి, ఆ క్లాసు విన్నట్టు కూడా గుర్తురావట్లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మని కొట్టేవాడు (ఇప్పుడు మానేశాడు). అప్పుడు నేను మంచం కిందకి దూరి నాలోపల ఒకమ్మాయితో మాట్లాడుకునేదాన్ని. తనకి పేరుంది, ఇక్కడ రాయను. ఇప్పటికీ అప్పుడప్పుడు మాట్లాడతా.

పోయిన ఔటింగ్‌లో రీల్స్‌లో ఎవరో డీఐడీ గురించి చెప్తే చూశా, ఆల్టర్స్ (లోపలుండే వేరే వ్యక్తులు), స్విచింగ్ (ఒకరి నుంచి ఇంకొకరికి మారడం), సిస్టమ్ (వాళ్ళందరూ కలిపి) అని. అన్నీ నాకే అన్నట్టు అనిపించింది. అప్పట్నుంచి నాలో ఎంతమంది ఉన్నారా అని వెతుక్కోవడమే పని, స్లిప్ టెస్టుల్లో కూడా మార్కులు పడిపోయాయి. ఇది డీఐడీయేనా? సినిమాల్లో చూపించినట్టు నాకు తెలియకుండా ఎవరినైనా ఏమైనా చేసేస్తానా? ఇంట్లో ఎలా చెప్పాలి? అమ్మమ్మకి తెలిస్తే గాలి సోకిందంటది.

వరంగల్_పోరడు:

చెల్లె, నీ పోస్ట్ సదువుతుంటే నా లాంగ్‌టర్మ్ కోచింగ్ రోజులు యాదికొచ్చినయ్. చేతులు నావి గావు అన్న ముచ్చట నాకు గూడ అచ్చం గట్లనే అయింది. మా అమ్మ ఆదివారం గేటు కాడికి టిఫిన్ పట్టుకొని వస్తే, ఈమె మా అమ్మనే గదా అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ భయం ఎట్లుంటదో నాకు తెలుసు.

డాక్టర్ దీన్ని డీపర్సనలైజేషన్ అన్నడు, సుట్టుపక్కల ఉన్నయన్నీ నిజం గానట్టు, సెట్టింగ్ ఏసినట్టు అనిపిస్తె డీరియలైజేషన్ అంటరట. ఆయన ఫస్ట్ అడిగింది నిద్ర గురించి. మాకు పన్నెండింటికి పండుకునుడు, నాలుగున్నరకి లేసుడు. తర్వాత గాంజా ఏమన్న తాగుతవా అని అడిగిండు, నేను తాగలే గని అది తాగినోళ్ళకి గూడ ఇట్ల అయితదట, అందుకే అడుగుతరు, నిన్ను అడిగినా తప్పుగ అనుకోకు.

నాకు అర్థమైంది ఒక్కటే, తగ్గిందా లేదా అని గంట గంటకి చూసుకుంటుంటె అది ఇంకా ముదురుతది. నువ్వు లోపల ఎంతమంది ఉన్నరని వెతుకుతున్నవ్ సూడు, గది గూడ గట్లాంటిదే. అచ్చినప్పుడు అచ్చింది అనుకొని చన్నీళ్ళతోని మొహం కడుక్కునేది, అరికాళ్ళు బండల మీద గట్టిగ ఆనిచ్చేది, ఎదురుంగ కనపడేటియి ఒక్కొక్కటి బయటికి పేరు పెట్టి చెప్పేది, ఫ్యాను, బకెట్, కిటికీ అని. చింతపండు పలుకు నోట్లె ఏసుకున్నా మంచిగ పనిచేసేది, ఆ పులుపుకి మనిషి మళ్ళ తన ఒంట్లకి వచ్చినట్టయ్యేది. ఒక్క దినంల పోలే, మెల్లగ పోయింది. ఇప్పుడు ఎగ్జామ్స్ ముంగట నిద్ర చెడిపోతె తప్ప రాదు.

గని నాకు మర్చిపోవుడు లేకుండె. నీకు రాత్రి ఏడ్సింది యాది లేదంటున్నవ్ గద, అది మాత్రం డాక్టర్‌కి కచ్చితంగ చెప్పు.

క్లినికల్_సైక్_గుంటూరు:

పాపా, పోస్ట్ మొత్తం చదివాను. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, నీలాంటి ఇంటర్ పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఇక్కడ చదివి నీకు డీఐడీ ఉందనీ లేదనీ చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మకు కూడా. కానీ నువ్వు చెప్పినవాటిని కొంచెం విడదీసి చూద్దాం, అన్నీ ఒకే ముద్దగా ఉండటం వల్లే నీకు అంత భయంగా ఉంది.

చెయ్యి నాది కాదు, మొహం నాది కాదు అనిపించడం. పెద్దవాళ్ళలో దాదాపు సగంమందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది, యాక్సిడెంట్ అయినప్పుడో, మనిషి పోయినప్పుడో, రాత్రుళ్ళు నిద్ర లేనప్పుడో. కొందరిలో అది పోకుండా నిలబడిపోతుంది, అలాంటివాళ్ళు నూటికి ఇద్దరి దాకా ఉంటారు, అది మొదలయ్యే సగటు వయసు పదహారు, అంటే సరిగ్గా మీ ఈడు. ఇందులో ముఖ్యమైన సంగతి, నీకు ఇలా 'అనిపిస్తోంది' అని నీకే తెలుసు. అది నా మొహమే అని తెలుసు అని నువ్వే రాశావు. అద్దంలో ఉన్నది వేరే మనిషే, నన్ను మార్చేశారు అని గట్టిగా నమ్మడం వేరు. నీది అది కాదు. అమ్మ మీద ప్రేమ కదలకపోవడం కూడా ఇందులో భాగమే, ప్రేమ పోయిందని కాదు.

ఇక డీఐడీ. ఒకప్పుడు మల్టిపుల్ పర్సనాలిటీ అనేవాళ్ళు, 1994లో ఆ పేరు మార్చారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం ఒకే మనిషిలో వేరువేరు వ్యక్తిత్వాలు ఉండాలి, మామూలు మతిమరుపుతో సరిపెట్టలేనంతగా జ్ఞాపకాల్లో ఖాళీలుండాలి, దానివల్ల మనిషి బాగా బాధపడాలి, లేదా చదువో ఉద్యోగమో బంధాలో దెబ్బతినాలి. ఫిట్స్ వల్లో మత్తు వల్లో వచ్చింది కాకూడదు. జాతరలో పూనకం లాంటి ఆచారంలో భాగమూ కాకూడదు. పిల్లలు లోపల ఊహించుకునే స్నేహితులనీ దీని కింద లెక్కెయ్యకూడదు, ఆ మాట అందులోనే రాసి ఉంది. మంచం కింద నీకు తోడున్న అమ్మాయి సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకో. ఇంట్లో కొట్లాటల మధ్య పెరిగిన చాలామంది పిల్లలు అలా ఒకరిని తోడు పెట్టుకుంటారు, తను ఉన్నంత మాత్రాన డీఐడీ అయిపోదు. అలాగని కొట్టిపారెయ్యను కూడా, ఎందుకంటే డీఐడీ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చిన్నతనంలో పదేపదే హింస పడ్డవాళ్ళే.

నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఆ రాత్రి ఏడుపు, ఆ రెండు పేజీలు. వీటికి చాలా దారులుంటాయి. నిద్రలో లేచి ఏడ్చి పొద్దున్నకి గుర్తులేకపోవడం ఒకటి, కళ్ళు మూతలు పడుతూ నోట్స్ రాస్తే అక్షరాలు వాలిపోవడం ఇంకోటి, మెదడులో టెంపోరల్ లోబ్ అనే భాగం నుంచి వచ్చే ఒక రకం ఫిట్స్ ఉంటాయి, వాటిలో మనిషి కింద పడిపోడు, కాసేపు ఎటో చూస్తూ ఉండిపోతాడు, తర్వాత గుర్తుండదు. డిసోసియేషన్ వల్ల కూడా కావచ్చు. అందుకే ముందు సైకియాట్రిస్ట్‌కి చూపించాలి, ఆయన ఈఈజీ (మెదడులోని కరెంటు సంకేతాల్ని చూసే పరీక్ష) రాస్తే కంగారుపడకు. ఆలోగా మీ రూమ్మేట్‌ని అడుగు, ఆ రాత్రి కళ్ళు తెరిచే ఉన్నానా, పిలిస్తే పలికానా, ఏమన్నాను, మళ్ళీ ఎప్పుడు నిద్రపోయాను అని. ఆ నాలుగు ముక్కలు డాక్టర్‌కి వంద రీల్స్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

రీల్స్ చేసేవాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేననను. కానీ బయట డీఐడీ అంత తేలిగ్గా కనపడదు, చాలామంది ఏళ్ళ తరబడి దాచుకునే ఉంటారు, బట్టలు మార్చి గొంతు మార్చి కెమెరా ముందు చూపించేంత స్పష్టంగా ఉండదు. సినిమాల్లోలా హత్యలు చేసేస్తారన్నది పూర్తిగా కల్పన. వీళ్ళు ఇంకొకరికి హాని చేసేదానికన్నా తమకి తాము హాని చేసుకునే ప్రమాదమే ఎక్కువ. ఈ మాట అన్నాను కాబట్టి అడుగుతున్నా, చచ్చిపోవాలనో నిన్ను నువ్వు గాయపరచుకోవాలనో అనిపిస్తోందా? అనిపిస్తే ఔటింగ్ దాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా వార్డెన్‌ని లేపి 14416కి ఫోన్ చేయించు. అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో కేంద్రం పెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఏలూరు_అమ్మ:

తల్లీ, నేను డాక్టర్ని కాను, నీ వయసు పిల్లకి అమ్మని. మా పాపని సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళినదాన్ని కాబట్టి ఇంట్లో చెప్పడం గురించి ఒక మాట చెప్తా. డిజార్డర్, పర్సనాలిటీ అంటూ మొదలెట్టావనుకో, అమ్మ ఆ పేరు దగ్గరే ఆగిపోయి కంగారుపడిపోద్ది, తర్వాత నువ్వేం చెప్పినా చెవికెక్కదు. "అమ్మా, నిద్ర సరిగ్గా పట్టట్లేదు, రాత్రి ఏడ్చానంట, నాకు గుర్తే లేదు, భయంగా ఉంది, డాక్టర్‌కి చూపించు" అను. గుర్తులేదు అన్న మాట వింటే ఏ తల్లైనా లేచి కూర్చుంటది. ఫోన్లో కాదు, ఎదురుగా చెప్పు, నాన్న లేనప్పుడు చెప్పు, నాన్న పాత సంగతులు ఆ రోజే ఎత్తకు, అది డాక్టర్ గదిలో చెప్పుకునేది.

అమ్మమ్మ తాయెత్తు కట్టిస్తానంటే కట్టించుకో, పెద్దావిడ తృప్తి. కానీ దాంతో ఆగిపోవద్దు. పొగ పెట్టడాలు, వేపమండలతో కొట్టడాలు ఉన్న చోటికి మాత్రం ఎవరు రమ్మన్నా వెళ్ళకు, గట్టిగా రానని చెప్పు.

డబ్బుల గురించి ఇంట్లో ఆలోచిస్తుంటే గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటది, మేము అక్కడికే వెళ్ళాం. హైదరాబాద్ వైపు వాళ్ళకి ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఉంది, వైజాగ్‌లో కూడా ప్రత్యేకంగా మానసిక ఆస్పత్రి ఉంది. ఎర్రగడ్డ పేరెత్తితే మనవాళ్ళు వెక్కిరిస్తారు, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుద్ది, ఎంతమందిని నిలబెట్టిన చోటు అది.

బైపీసీ_అమ్మాయి:

అన్నా, మేడమ్, ఆంటీ అందరికీ థాంక్స్. చదువుతుంటే ఏడుపొచ్చింది, చాన్నాళ్ళకి ఏదో లోపల కదిలినట్టు అనిపించింది. చచ్చిపోవాలని ఏమీ లేదు మేడమ్, భయమే. ఆదివారం అమ్మ వస్తది, అప్పుడు చెప్తా. రూమ్మేట్‌ని ఇప్పుడే అడిగా, కళ్ళు తెరిచే ఉన్నానంట, "ఇంటికి పోదాం, లైట్ ఆర్పకు" అన్నానంట, తను చెయ్యి పట్టుకుంటే కాసేపటికి పడుకున్నానంట.

మూడు డౌట్లు. ఆ బోటనీ పేజీలు చూపించాలా? నాన్న సంగతి చెప్తే పోలీసులకి చెప్పేస్తారా? ట్రీట్‌మెంట్ తీసుకుంటే లోపలున్న తను పోతుందా? తను పోతే నాకు బాధగా ఉంటది.

క్లినికల్_సైక్_గుంటూరు:

నోట్సు పుస్తకం మొత్తం తీసుకెళ్ళు, ఆ రెండు పేజీలు చించకు, ముందూ వెనకా ఉన్న పేజీల్లో నీ దస్తూరీ కూడా వాళ్ళు చూడాలి. రూమ్మేట్ చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే అందులోనే రాసిపెట్టుకో, తేదీ గుర్తుంటే తేదీ కూడా.

నాన్న గురించి. నీకు 18 నిండలేదు కాబట్టి ట్రీట్‌మెంట్‌కి ఇంట్లోవాళ్ళ అంగీకారం కావాలి, కానీ డాక్టర్‌తో కొంతసేపు ఒంటరిగా మాట్లాడతానని అడగొచ్చు, మంచి డాక్టరైతే తనే అమ్మని కాసేపు బయట కూర్చోమంటారు. నువ్వు చెప్పిన ప్రతి మాటా బయటికి పోదు. నీ ప్రాణానికి ప్రమాదం ఉంటే మాత్రం ఇంట్లో చెప్తారు. అలాగే 18 లోపు పిల్లల మీద లైంగికంగా ఎవరైనా చెయ్యి వేసి ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు రిపోర్ట్ చెయ్యక తప్పదు. ఇది ముందే చెప్పడం నా బాధ్యత, లోపలికెళ్ళాక తెలిస్తే మోసపోయాననుకుంటావు. నాన్న మళ్ళీ తాగి చెయ్యెత్తితే 1098 ఉంది, పిల్లల కోసమే ఆ నంబర్.

తన గురించి అడిగావు కదా. తనని తరిమెయ్యడం ట్రీట్‌మెంట్ కాదు. ఒకవేళ అది నిజంగా డీఐడీయే అయినా, దానికంటూ ప్రత్యేకంగా మందు లేదు, మందులిస్తే పక్కనున్న ఆందోళనకో డిప్రెషన్‌కో ఇస్తారు. అసలు పని మాటలతోనే జరుగుతుంది. ముందు నిద్ర, భద్రత, భయం వచ్చినప్పుడు నిలదొక్కుకోవడం, పాత సంగతుల్లోకి వెళ్ళడం చాలా తర్వాత, అదీ నువ్వు సరేనంటేనే. మొదటిరోజే అన్నీ తవ్వే థెరపిస్ట్ దొరికితే ఆపమని చెప్పే హక్కు నీకుంది. లోపల ఎన్ని పేర్లున్నాయో చెప్పు అని నీచేత లెక్క పెట్టించేవాళ్ళ దగ్గర కూడా జాగ్రత్త.

ఈఈజీ రాస్తే ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టుకోకుండా వెళ్ళు, తలకి పేస్టుతో వైర్లు అంటిస్తారు, నూనె ఉంటే అంటుకోవు. నొప్పేమీ ఉండదు. డాక్టర్ ఏమన్నారో వచ్చే ఔటింగ్‌లో ఇక్కడ రాయి, అప్పుడు చూసి చెప్తాను.