ఫ్యాను తిరుగుతుంటే అమ్మ మాట బోర్డుకు అందడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. పక్షవాతంతో మా అమ్మకు కుడి చెయ్యి పడిపోయింది. లేచి స్విచ్ వేసుకోలేదు. తను తెలుగులో చెబితే లైటు, ఫ్యాను పనిచేసేలా ఒక చిన్న పరికరం చేస్తున్నాను. మా ఊళ్లో నెట్‌ని నమ్ముకోలేం, అందుకే మాటను గుర్తుపట్టే పనంతా బోర్డులోనే జరగాలి.

ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు, ఐఎన్‌ఎంపీ441 అనే డిజిటల్ మైకు, బోర్డు చెబితే కరెంటును ఆన్, ఆఫ్ చేసే రెండు రిలేలు వాడాను. "లైటు", "ఫ్యాను", "ఆపు" అనే మూడు మాటలూ అమ్మ గొంతుతోనే 16 కిలోహెర్ట్జ్‌లో, సెకను ముక్కలుగా రికార్డు చేసి మాటలు గుర్తుపట్టడం నేర్పే ఎడ్జ్ ఇంపల్స్ అనే వెబ్‌సైటులో ట్రెయిన్ చేశాను. గది నిశ్శబ్దంగా ఉంటే బాగానే పనిచేస్తోంది. మొదటిసారి లైటు వెలిగిన రోజు అమ్మ ఆగకుండా "లైటు, లైటు" అంటూనే ఉంది.

చిక్కల్లా ఫ్యానుతోనే. అది తిరుగుతుంటే "ఆపు" అన్న మాట పట్టుకోవడం లేదు. మొన్న రాత్రి చలేసి నాలుగైదుసార్లు అని, చివరికి నన్ను లేపింది. అలసిపోతే తన మాట ముద్దగా కూడా వస్తుంది. థ్రెషోల్డ్ (మాట అదేనని ఎంత నమ్మకం కుదిరితే బోర్డు ఒప్పుకోవాలనే హద్దు) 0.8 నుంచి 0.6కి తగ్గిస్తే టీవీ మాటలకే ఫ్యాను ఆగిపోతోంది.

ఫ్యాను వేసి ఉంచి అన్నీ మళ్లీ రికార్డు చేయాలా, లేక దాని శబ్దాన్ని విడిగా తీసి పాత రికార్డింగుల్లో కలిపితే చాలా? "ఆపు"కి బదులు "ఫ్యాను ఆపేయ్" లాంటి పొడుగు మాట మేలా? మైకు ఇప్పుడు స్విచ్‌బోర్డు దగ్గరుంది. మంచం తలాపుకి తేవాలంటే రెండు మీటర్ల తీగ లాగాలి, మైకు నుంచి బోర్డుకు వచ్చే ఐ2ఎస్ (డిజిటల్ ఆడియో) సిగ్నల్ అంతదూరం సరిగ్గా వస్తుందా? 230 వోల్టుల రిలేలను మాత్రం మంచం దగ్గర పెట్టలేను. మైకుకి ఇంకో ఈఎస్‌పీ32 పెట్టి ఈఎస్‌పీ‑నౌతో (రూటర్ లేకుండా బోర్డులు నేరుగా వైర్‌లెస్‌గా మాట్లాడుకునే పద్ధతి) రిలేలకు చెప్పిస్తే కుదురుతుందా? ఇలాంటిది చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.