పొగ పట్టించిన దినుసులతో నంజుకునే పచ్చళ్లు: చేదు రాకుండా ఎలా చేయాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంటికి బంధువులు వస్తున్నారు. పునుగులు, జంతికలు, కీరా, క్యారెట్ ముక్కలతో నంజుకోవడానికి పొగ వాసన ఉన్న చిక్కటి పచ్చళ్లు రెండు మూడు రకాలు పెట్టాలని ఉంది. మొన్న వంకాయ పెరుగు పచ్చడి చేసి, ఆ గిన్నెలోనే చిన్న కప్పు ఉంచి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు వేసి, నెయ్యి పోసి పది నిమిషాలు మూత పెట్టాను. పైభాగంలో వాసన ఘాటుగా పట్టి నాలుక మీద చేదు మిగిలింది. కలిపిన తరువాత ఆ వాసన కూడా పలచబడిపోయింది. మాది మూడో అంతస్తులోని ఫ్లాటు, కట్టెల పొయ్యికి వీలు లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (విజయవాడ, పటమట నుంచి)

అమ్మా, పూర్తయిన పచ్చడికి పొగ పెట్టడం వల్లనే ఈ రెండు ఇబ్బందులూ వచ్చాయి. పచ్చడిలో వేసే దినుసులలో ఒక్కదానికి ముందుగా పొగ పట్టించి, మిగిలినవాటిని మామూలుగా కలిపితే వాసన అంతటా సమంగా నిలుస్తుంది. ఎక్కువైందనిపించినప్పుడు పొగ పట్టని పెరుగునో వంకాయ గుజ్జునో చేర్చి తగ్గించుకోవచ్చు. అన్ని దినుసులకూ పొగ పట్టిస్తే మాత్రం ఏ రుచీ విడిగా తెలియదు.

ఇక బొగ్గు సంగతి. కట్టెలో వాసననిచ్చే పదార్థాలు చాలావరకు పోగా మిగిలేదే బొగ్గు కనుక, దాని మీద నెయ్యి పోసినప్పుడు వచ్చేది మాడిన నెయ్యి పొగ మాత్రమే. పప్పుకూ బిర్యానీకీ ఆ వాసన ఎంతో బాగుంటుంది, కాని రెండు మూడు నిమిషాలకు మించి ఉంచితే ఘాటెక్కుతుంది. మనం కోరుకునే కమ్మని కట్టె పొగ వాసన, కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం మంట లేకుండా కుములుతూ విడిపోయినప్పుడు పుట్టే గ్వయకాల్, సిరింగాల్ వంటి పదార్థాల నుంచి వస్తుంది. అందువల్ల బాగా ఎండిన మామిడి లేదా జామ కొమ్మలను బెరడు తీసి, బొటనవేలి గోరంత ముక్కలుగా కొట్టి వాడండి. పచ్చి కట్టె నుంచి వచ్చే దట్టమైన పొగ మసిని, చేదును వెంట తెస్తుంది. వడ్రంగి దుకాణంలోని రంపపు పొట్టులో ప్లైవుడ్ జిగురు, రంగులు కలిసి ఉండవచ్చు కనుక దాని జోలికి వెళ్లవద్దు. గన్నేరు విషపు చెట్టు. ఏరి తెచ్చిన పుల్లలలో దానిది ఒక్కటి కూడా ఉండకూడదు.

పాత్ర విషయానికి వస్తే, పాత ఇనుప మూకుడు చాలు. నాన్‌స్టిక్ పాత్రను ఖాళీగా అంత వేడి చేస్తే దాని పూత నుంచి హానికరమైన ఆవిరి వెలువడుతుంది కనుక అది పనికిరాదు. మూకుడు అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, దాని మీద గుప్పెడు చెక్క ముక్కలు వేసి, పొగ సన్నగా లేవగానే మంట బాగా తగ్గించి, పైన స్టాండు నిలిపి, చిల్లుల పళ్లెంలో దినుసులు సర్ది, అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టి మూత పెట్టండి. ఆ గుడ్డ కొసలు మంట వైపు వేలాడకుండా పైకి మడవండి. తేమా కొవ్వూ ఉన్న దినుసు పొగను త్వరగా పీల్చుకుంటుంది, కాని పైన నీరు కారుతూ ఉంటే మసి అంటుకుంటుంది; అందుకే టమాటాను సగానికి కోసి ఉప్పు రాసి, ఊరిన నీటిని తుడిచి, ఆ తరువాతే పెట్టాలి. టమాటాకు పది నిమిషాలు, పండుమిర్చికి ఆరేడు నిమిషాలు చాలు. తొక్కతోనే మెత్తగా ఉడికించిన వెల్లుల్లి గడ్డను పైభాగం కోసి పెడితే దానికీ పది నిమిషాలు సరిపోతుంది.

మీరు వాడదలచిన పెరుగును నాలుగైదు గంటలు పలుచని గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లోనే వేలాడదీసి, చిక్కబడిన ముద్దను వెడల్పాటి గిన్నెలో పలుచగా పరచండి. ఆ గిన్నెను మంచుముక్కల పళ్లెం మీద ఉంచి నాలుగు నిమిషాలు పొగ పట్టిస్తే పెరుగు వేడెక్కి విరగకుండా ఉంటుంది, అందులోని వెన్న వాసనను పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క పెరుగుతోనే, ఉప్పు, సన్నగా తరిగిన పుదీనా, కొద్దిగా జీలకర్ర పొడి కలిపి, కీరా ముక్కలకు ఎంతో నప్పే పచ్చడి చేసుకోవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా రుచికరమైనది ఇదే.

వంకాయకు వేరే పొగ అవసరమే లేదు. అరకిలో తూగే పెద్ద గుండ్రటి వంకాయకు నూనె రాసి, పగలకుండా నాలుగైదు చోట్ల కత్తిమొనతో గుచ్చి, నేరుగా గ్యాసు మంట మీద తిప్పుతూ, తొక్క పూర్తిగా నల్లబడి కాయ కుంగిపోయేదాకా కాల్చండి. మూత పెట్టి పదిహేను నిమిషాలు వదిలితే తొక్కలోని కాలిన వాసన గుజ్జులోకి దిగుతుంది. తొక్కను నీళ్లలో కడిగి తీసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే వాసన నీటితోనే పోతుంది. చేతికి తడి చేసుకుని వలిచి, మాడిన పొరను ఏరివేసి, గుజ్జును జల్లెడలో పావుగంట వార్చి, అప్పుడు రోట్లో నూరండి. లెబనాన్, సిరియా ప్రాంతాలలో ఇటువంటి గుజ్జులోనే నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలుపుతారు. మనమూ ఈ గుజ్జుకు రెండు పెద్ద చెంచాల వేయించిన నువ్వుల ముద్ద, ఒక చెంచా నిమ్మరసం, ఒక వెల్లుల్లి రెబ్బ చేర్చి పైన పప్పునూనె పోస్తే, పునుగులతో పాటు మరునాడు వేడి అన్నంలోకి కూడా బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. ఇప్పుడు పండుమిర్చి దొరకకపోతే ఎండుమిరపకాయలకు పొగ పట్టించవచ్చా? ఇంట్లో అందరికీ దగ్గు వస్తుందేమోనని భయంగా ఉంది. చెక్క ముక్కలు కూడా దొరకకపోతే మరో దారి ఉందా?

సమాధానం (విజయవాడ, పటమట నుంచి)

ఎండుకాయను నేరుగా మూకుడులో పెడితే వేడికి మాడి, దాని కోరు ఇల్లంతా కమ్ముకుంటుంది. ముందుగా తొడిమలు, గింజలు తీసి వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, నీరు పిండి, తేమగా ఉండగానే సన్నని పొగలో పెట్టండి. గుంటూరు సన్నం కారంతో నిండిన కాయ. నంజుకునే పచ్చడికి రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న బ్యాడిగి కాయలు రెండు పాళ్లు వేసి, సన్నం ఒక పాలు కలిపితే పిల్లలు కూడా తినగలుగుతారు. స్పెయిన్‌లోని లా వేరాలో పండిన కాయలను ఓక్ కట్టెల పొగ మీద రోజుల తరబడి ఆరబెట్టి పొడి చేస్తారు. మెక్సికోలో చిపోట్లే కూడా పండిన హలపేన్యో కాయలను పొగలో ఆరబెట్టి చేసేదే. ఇంత మిరప పండే మన ప్రాంతంలో ఈ పద్ధతి ఇంటింటా ఉండదగినదని నేను మనసారా నమ్ముతాను.

చెక్క ముక్కలకు బదులుగా, చైనాలో చేసినట్లు, రెండు చెంచాల టీ పొడి, రెండు చెంచాల బియ్యం, ఒక చెంచా పంచదార కలిపి ఫాయిల్ మీద వేస్తే మృదువైన పొగ వస్తుంది. పెరుగుకూ వెల్లుల్లికీ ఇది బాగా కుదురుతుంది. పంచదార మాడితే చేదు కనుక ఆరేడు నిమిషాలలో ముగించండి.

ఏ పద్ధతిలో చేసినా బాల్కనీ తలుపులు, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. బొగ్గును మాత్రం మూసిన గదిలో ఎప్పుడూ రాజేయవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, అది ప్రాణం తీయగలదు.

మరొక సభ్యుడు (గుంటూరు)

పొగ పట్టించిన వెల్లుల్లిని నూనెలో వేసి సీసాలో బయట ఉంచుకోవచ్చా?

సమాధానం (విజయవాడ, పటమట నుంచి)

బయట ఉంచకూడదండీ. గాలి అందని, పులుపు లేని చోట బొట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషజబ్బును కలిగించే క్రిములు పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, అది ఉన్నట్లు వాసన ద్వారా తెలియదు. ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజులలో వాడేయాలి. పొగ వాసన నెలల తరబడి నిలవ ఉండాలంటే కల్లుప్పును పలుచగా పరచి, కాస్త నీళ్లు చిలకరించి, అరగంట పొగ పట్టించి, ఆరిన తరువాత గాజు సీసాలో పెట్టుకోండి. మజ్జిగలో చిటికెడు వేసినా తెలుస్తుంది.

బ్రాడీపేట అమ్మగారికి మరొక్క మాట: అప్పుడే పట్టిన పొగ కొంత పదునుగా ఉంటుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో మూత పెట్టి ఉంచితే నెమ్మదిస్తుంది. కాబట్టి శనివారం సాయంత్రమే వెల్లుల్లి, మిరప, పెరుగు సిద్ధం చేసి, ఆదివారం మధ్యాహ్నం వంకాయ కాల్చి, వడ్డించడానికి గంట ముందు అన్నీ కలిపి, ఉప్పు చివరగా చూసి వేయండి.