పాత బట్టల పెట్టె పెడితే చెత్త తగ్గుతుందా?

మూడో అంతస్తు, మాగుంట లేఅవుట్:
నెల్లూరులో మా అపార్ట్‌మెంట్‌లో 40 ఇళ్ళు. సంక్రాంతికి అందరూ బీరువాలు సర్దారు. మర్నాడు చెత్తబండిలో చూస్తే సాంబారు మెతుకుల మధ్య జీన్సులు, స్కూల్ యూనిఫారాలు, మడత కూడా విప్పని చీర ఒకటి. ఒక్క కాటన్ టీషర్టుకు పత్తి సాగు నుంచి లెక్కేస్తే దాదాపు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయంటారు. అందుకే కింద ఒక పెట్టె పెడదామన్నాను. బాగున్నవి ఎవరికైనా ఇద్దాం, చిరిగినవి నూలు తీసే మిల్లులకు పంపుదాం. మీటింగులో సగం మంది సరేనన్నారు, సగం మంది నవ్వారు. మీరేమంటారు?

స్టోన్‌హౌస్‌పేట కొట్టు:
నేను నవ్వే జట్టే అబ్బయ్యా. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మేం నలుగురం బట్టలు పోగుచేశాం. వచ్చిన మూటల్లో పెళ్ళి కోట్లు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటికాలి సాక్సులు! మోకాలి లోతు బురదలో నిలబడ్డ మనిషికి కోటు ఇచ్చి ఏం చేయమంటాం? వాటిని ఏరడానికి రెండు రోజులు, పారేయడానికి ఆటో బాడుగ.

మిల్లులంటున్నావు. పానిపట్‌లో పాత బట్టలు చింపి, నూలు తీసి, కంబళ్ళు నేసే మాట నిజమే. అక్కడికి పంపే ఖర్చు ఎవరు పెడతారు? పైగా మనం తొడిగేది పాలిస్టర్ కలిపిన గుడ్డ, సాగడానికి స్పాండెక్స్ వేరే. వాటిని విడదీయడం కష్టం. పాత బట్టల్లోంచి మళ్ళీ కొత్త బట్టగా తయారయ్యేది వందో వంతు కూడా లేదని బ్రిటన్‌లోని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017లోనే చెప్పింది. నీ పెట్టె వల్ల ఒకటే జరుగుతుంది: పాతవి వదిలించుకున్నాం కదా అని ఇంకో నాలుగు కొంటారు. బట్టల కొట్టువాణ్ణి, నాకు లాభమే అనుకో!

పాటూరు మగ్గం:
మా అవ్వ నూలు చీర మెత్తబడ్డాక ఉయ్యాలైంది, తర్వాత పొత్తిగుడ్డలు, ఆ తర్వాత మసిగుడ్డ. మిగిలిన చీరలు బొంతలో కలిశాయి. అలాగని ఆ రోజుల్ని పొగడను. ఆమెకు ఉన్నవే మూడు చీరలు. అరిగేదాకా కట్టక ఏం చేస్తుంది? కానీ ఒకటి గమనించండి, నూలు కాబట్టే ఇన్ని పనులకు పనికొచ్చింది. ఇప్పటి సింథటిక్ చీరతో మసిగుడ్డ చేస్తే నీళ్ళు పీల్చదు, పొయ్యి దగ్గర భయం కూడా.

ఫాల్ పీకో:
నేను టైలర్ని. అసలు రోగం కుట్టులో ఉంది. మేం జాకెట్టు కుడితే లోపల గుడ్డ వదులుతాం, ఒళ్ళొస్తే రెండు కుట్లు విప్పితే చాలు. రెడీమేడ్‌కు అంచు దాకా కోసి, దారాలు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు కొట్టేస్తారు, విప్పడానికి ఏమీ ఉండదు. బిగుతైతే బయటికే. ఇక చిరుగు కుట్టడానికి 40 రూపాయలంటే, ‘కొత్తది 200కే వస్తుంది కదక్కా’ అంటారు. మీ పెట్టెలో పడేవాటిలో సగం ఆ మాట వల్ల పడేవే.

కోవూరు చిన్నమ్మి:
మా అమ్మ ఇళ్ళలో పనిచేసేది. పండక్కి చీర పెడతామని పిలిచి, చెమట మరకలున్న చీర చేతిలో పెట్టేవాళ్ళు. కాదంటే పొగరు. ‘బాగున్నవి ఎవరికైనా ఇద్దాం’ అన్నారే, ఆ ఎవరికైనా అంటే మేమేగా అన్నా? ఢిల్లీలో 1999లో మొదలైన గూంజ్ సంస్థ ఊళ్ళలో బావి తవ్వడం, దారి వేయడం లాంటి పనికి బదులుగా బట్టలు ఇస్తుంది. అందులో మర్యాద ఉంది. మీరు అంత చేయక్కర్లేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, 50 రూపాయల చీటీ పెట్టి తీగ మీద వేలాడదీయండి. మీ మూడో అంతస్తు వాళ్ళూ కొనాలి, మేమూ కొంటాం.

మూడో అంతస్తు, మాగుంట లేఅవుట్:
చిన్నమ్మీ, అది రాసేటప్పుడు నాకు తట్టలేదమ్మా, తప్పు నాదే. మిల్లు సంగతి కొట్టన్న చెప్పాక వదిలేశాను. పెట్టె బదులు నెలకో ఆదివారం కింద కుట్టు మిషన్ వేయిస్తే? ముందు కుట్టించుకోవడం, మిగిలినవి తీగ మీద ధరతో. చెత్తబండిలోకి పోయేది అప్పుడూ ఉంటుంది, ఒప్పుకుంటాను. పీకో అక్కా, వస్తారా?

ఫాల్ పీకో:
వస్తా. చిరుగుకు 40, జిప్పుకు వేరే. బేరం ఆడకూడదని నోటీసు బోర్డులో ముందే రాయించండి.